ఉచితమూ, స్వేచ్ఛా

పాతబడిన వస్తువును ఏం చేయాలన్నది మధ్యతరగతి సంసారాల్లో ఎన్నటికీ తెగని తగవు. ఇత్తడి బిందెకు మాటు వేయించుకుంటాం. కుట్టుమిషనుకు నూనె పోస్తాం. కాని కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి, “పాతదైపోయిందమ్మా, కొత్తది తీసుకోండి” అని దుకాణంవాడంటే మనకు మారుమాట రాదు. అందులో ఏం అరిగిందో, ఏం విరిగిందో అడగడానికైనా మనకు తెలియదు గదా!

మా ఇంట్లో లాప్‌టాప్ 2016లో కొన్నది. తెర శుభ్రంగా వుంది, మీటలన్నీ పనిచేస్తున్నాయి. బాటరీ మాత్రం చచ్చింది. కరెంటు వున్నంతసేపే దాని ప్రాణం. అందులోని విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. పేరు నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది గడువిచ్చారు. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసరు కూడా వాళ్లు ఒప్పుకున్న జాబితాలోదై వుండాలి. మాది ఆ పంక్తిలో కూర్చోనిచ్చేది కాదు. సూర్యాపేటలో విచారిస్తే కొత్తదానికి నలభై వేల దాకా అవుతుందన్నారు.

డబ్బు మాట అలా వుంచండి. అసలు చిక్కు మా మామగారి రాతలు. ఆయన తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైనవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు పునాదిరాయి వేసేనాటికి పలక పట్టిన పిల్లవాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలేనాటికి నూనూగు మీసాలవాడు. ఎడమకాలువ నీళ్లు వచ్చాక జొన్నచేలు వరిమళ్లు ఎట్లా అయ్యాయో, మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు ఎట్లా లేచాయో, తాను చూసినదంతా రాసి డి.టి.పి. చేయించి పెట్టుకున్నారు. మొత్తం 140 పేజీలు. చేతిరాత కాగితాలు ఏనాడో చెదలపాలయ్యాయి. మిగిలింది లాప్‌టాప్‌లోని ఫైలొక్కటే.

మావారు “కొత్తది కొనేద్దాం” అంటారు. మామగారు “దాని జోలికి పోవద్దు” అంటారు. ఇద్దరి మధ్యా నేను.

ఇంతలో కోదాడలో ఇంజనీరింగు చదువుతున్న మా ఆడపడుచు కొడుకు ఒక ఆదివారం వచ్చాడు. “అత్తమ్మా, దీనికి లినక్స్ వేద్దాం. పైసా ఖర్చు లేదు” అన్నాడు.

మామగారు కళ్లజోడు సవరించుకుని, “ఊరికే ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడురా. ఇందులో వాడికేం లాభం?” అన్నారు.

అడగవలసిన ప్రశ్నే. కుర్రవాడు చెప్పిన జవాబు నాకు అర్థమైనంతలో ఇదీ. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన గ్నూ అనే పథకం ప్రకటించాడు. కంప్యూటరును నడిపించే రాతను ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మరొకరికి పంచిపెట్టవచ్చు అన్నది ఆయన పట్టు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి, సరదాగా మొదలుపెట్టిన పనిని నలుగురి ముందూ పెట్టాడు. అదే లినక్స్. ఆ రెండు పనులూ కలిశాయి. నేడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున వున్నదీ లినక్సే. దానిమీద బతికే పెద్ద పెద్ద కంపెనీలు తమ ఇంజనీర్లకు జీతాలిచ్చి మరీ దాన్ని బాగుచేయిస్తున్నాయి.

“మన వూరి చెరువులాంటిది తాతా. కట్ట బలంగా వుంటే అందరి పొలమూ పండుతుంది. అందుకే తలా ఒక తట్ట మట్టి వేస్తారు” అన్నాడు వాడు. చెరువు మాట వినేసరికి ఆయన కాస్త మెత్తబడ్డారు.

ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట. అందుచేత ఈ ఉద్యమంవాళ్లు తమ ఉద్దేశం డబ్బు గురించి కాదని ఏళ్ల తరబడి చెప్పుకోవలసి వచ్చింది. మన భాషకు ఆ బాధ లేదు. 2005లో తెలుగులో మెనూలు కనిపించే ఆపరేటింగ్ సిస్టం విడుదల చేసిన మనవాళ్లు దానికి ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టారు. ‘ఉచితం’ అని పెట్టలేదు. ఉచితంగా వచ్చినది ఇచ్చినవాడి దయ. స్వేచ్ఛ అయితే మన చేతిలో వుంటుంది.

ఇక పనిలోకి వద్దాం. వాడు 8 జి.బి. పెన్‌డ్రైవులో లినక్స్ మింట్ అనే రకాన్ని ఎక్కించి తెచ్చాడు. అందులో పాత యంత్రాలకు పనికివచ్చే తేలికరకం ఒకటుంది. 2 జి.బి. మెమరీ, 20 జి.బి. చోటు వుంటే కనీసానికి చాలు. మాదానికి అంతకంటే ఎక్కువే వుంది. దీనిలో నాకు నచ్చిన సుగుణం, లోపలి డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవు మీదనే నడిపించి చూడవచ్చు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పెళ్లిచూపులన్నమాట.

పెళ్లిచూపుల్లో పిల్ల బాగానే వుంది. వైఫై మాత్రం పలకలేదు. ఫోనును తీగతో తగిలించి ఇంటర్నెట్టు ఇస్తే, కావలసిన డ్రైవరు తెచ్చుకుని అదీ పలికింది. అప్పుడు మామగారి ఫైలు తెరిచాం.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య కామాలు, డాలరు గుర్తులు! తెలుగక్షరం ఒక్కటి లేదు. మామగారు కుర్చీ చేతులు పట్టుకుని అలాగే వుండిపోయారు. గదిలో ఎవరం మాట్లాడలేదు.

కుర్రవాడే తేరుకుని సంగతి చెప్పాడు. డి.టి.పి.లో చాలాకాలంగా వాడుతున్న పాత ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల తెలుగుగా వుండదట. ఇంగ్లీషు అక్షరానికి తెలుగు బొమ్మ తొడిగి చూపిస్తారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు వూడిపోయి లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. అలా కాకుండా ప్రతి తెలుగక్షరానికీ దానిదైన సంఖ్య ఇచ్చిన పద్ధతి యూనికోడ్. అందులో 1991 నుంచీ తెలుగు వుంది. ఆ పద్ధతిలో దాచిన రాత ఏ కంపెనీ యంత్రంలోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది.

పాత రాతను యూనికోడులోకి మార్చే సాధనాలున్నాయి. వాడు మార్చాడు. అయితే కొన్నిచోట్ల వత్తులు జారిపోయాయి, కొన్నిచోట్ల గుణింతాలు తారుమారయ్యాయి. “ఇది సరయ్యేదాకా డిస్కు తుడవను” అని కుర్రవాడు కోదాడ వెళ్లిపోయాడు. మామగారు ప్రింటు తీయించుకుని, ఎర్రకలంతో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు రెండు వారాలు కూర్చుని దిద్దారు. ఆ దిద్దుబాట్లు నేను టైపు చేశాను. పూర్తయిన ఫైలును రెండు వేరువేరు చోట్ల భద్రపరిచాం.

తర్వాతి ఆదివారం అసలు ముహూర్తం. మధ్యలో కరెంటు పోతే పని చెడుతుందని ఇన్వర్టరుకు తగిలించాం. “డిస్కులో వున్నదంతా చెరిపివేయనా?” అని అది అడిగినప్పుడు కుర్రవాడు తాతవైపు చూశాడు. ఆయన తల వూపారు. అరగంట గడిచేసరికి పని ముగిసింది. భాష తెలుగు అని ఎంచుకున్నాం. ఫైలుకు ‘దస్త్రం’ అని వచ్చింది. “పట్వారీ దస్త్రాలు చూసిన కళ్లురా ఇవి, నాకు కొత్తేమీ కాదు” అని మామగారు నవ్వారు. కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగిలిపోయాయి. వాటిని తెనిగించడానికి ఎవరైనా పూనుకోవచ్చని తెలిసి, ఆయన ఒక నోటుపుస్తకంలో జాబితా మొదలుపెట్టారు.

ఇది విని మిర్యాలగూడ నుంచి మా అన్నయ్య ఫోను చేశాడు. “మాకూ వేయించవే” అని. అన్నయ్య రైసుమిల్లు లెక్కలు టాలీలో రాస్తాడు. టాలీ నేరుగా నడిచేది విండోస్ మీదనే. “నీకు వద్దు అన్నయ్యా” అని చెప్పాను. బతుకుతెరువు దేనిమీద నడుస్తున్నదో చూడకుండా మార్చడం స్వేచ్ఛ అనిపించుకోదు. ఇంటి జమాఖర్చులు, ఉత్తరాలు, పిల్లల చదువు, సినిమాలు, ఇంతవరకైతే మాకు ఏ లోటూ రాలేదు.

ఇప్పుడు మామగారు ‘కాలువ’ అని కొట్టి వెతికితే, 140 పేజీల్లో ఆ మాట వచ్చిన చోటల్లా కనబడుతుంది. మునుపు ఆ సౌకర్యం లేదు. ఒకే సంగతి రెండుచోట్ల రాసినట్టు ఆయనే పట్టుకుని ఒకటి కొట్టివేశారు. మిల్లుల మీద కొత్త ప్రకరణం మొదలుపెట్టారు.

నలభై వేలు మిగిలాయని మావారు సంతోషిస్తున్నారు. సంతోషించవలసిందే. నేను మాత్రం మీకు మరొక మాట చెప్పదలిచాను. మీ ఇంట్లోనూ అటక మీద ఒక పాత కంప్యూటరు వుండవచ్చు. అందులో మీ నాన్నగారి పద్యాలో, అమ్మ రాయించుకున్న పాటలో, వంశవృక్షమో పాత ఫాంట్లలో వుండవచ్చు. లినక్స్ వేసుకున్నా, వేసుకోకపోయినా, ఆ యంత్రాన్ని పాతసామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి తెరిచి, వాటిని యూనికోడులోకి మార్పించండి. రాసినవారు దగ్గరుండి దిద్దగలిగిన రోజుల్లోనే ఆ పని చేయించండి.