సూర్యలంకలో జనం, మా దొరువులో ఉప్పు



కార్తీకం దగ్గర పడింది. సూర్యలంక ఎప్పుడు రావచ్చు, జనం ఎలా ఉన్నారు అని ఫోన్లు మొదలయ్యాయి. మా పొలం బాపట్ల నుంచి బీచ్‌కి పోయే రోడ్డుకు దగ్గర్లో ఉంది కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. ముందు ఆ కబురు చెప్పేస్తా.

బాపట్ల నుంచి సముద్రం సుమారు 9 కిలోమీటర్లు. శని, ఆదివారాలు పొద్దున పదింటికల్లా కార్లు బారులు తీరతాయి. కార్తీక పౌర్ణమి రోజైతే ఒడ్డున కాలు పెట్టే చోటుండదు. పిల్లాపాపలతో వచ్చేవాళ్లు మంగళ, బుధవారాల్లో రండి, తెల్లారేసరికి ఒడ్డున ఉండండి. అలలు చిన్నగానే కనిపిస్తాయి గానీ కాలి కింద ఇసుక లాగేస్తుంది. ఈత వచ్చన్న ధీమా చెరువుకు సరిపోతుంది, సముద్రానికి సరిపోదు. పోలీసులు ఈల వేస్తే బయటికి వచ్చేయండి. ఇది తుపాన్ల కాలం కూడా. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి ఎట్లా పడుకుందో మనం చూశాం. వాయుగుండం అని వార్త వస్తే గది బుక్ చేసుకున్నా సరే, ఆగిపోండి.

ఇక నా సంగతి. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మా ఇసుక నేలల్లో వ్యవసాయమంతా దొరువు మీదే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇసుకలో నాలుగైదు అడుగులు తవ్వితే ఊరే నీటి గుంటే దొరువు. మా అమ్మ ఆ నీళ్లు కడవలతో ముంచి కనకాంబరాలకు పోసేది, దాహమైతే దోసిట పట్టి తాగేది. సముద్రం అంత దగ్గర్లో పెట్టుకుని తియ్యటి నీళ్లు ఎక్కడివి అంటే, వాన నీరు ఇసుకలో ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంది. కడవతో ముంచితే మీగడే వస్తుంది.

నిరుడు వేసవిలో బీచ్ వైపు ఒక రిసార్టు వాళ్లు వచ్చారు. "బాబాయ్, శని ఆదివారాలు గదులన్నీ నిండిపోతున్నాయి, నీళ్లు చాలట్లేదు. రోజుకు నాలుగు ట్యాంకర్లు ఇవ్వు" అన్నారు. వేరుశనగలో దెబ్బతిని ఉన్నాను. సరే అన్నాను. దొరువు లోతు చేయించి మోటారు దించాను. రెండు నెలలు చేతిలో డబ్బు ఆడింది. అబద్ధం చెప్పను, బాగానే అనిపించింది.

మూడో నెలలో కనకాంబరం ఆకుల అంచులు మాడాయి. తెగులేమో అని మందు కొట్టాను. తగ్గలేదు. ఒకరోజు నీళ్లు నోట్లో పోసుకుంటే చప్పగా, ఉప్పగా ఉన్నాయి. సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే ఇ.సి. 2.6 వచ్చింది. అంతకు ముందు 1.1 ఉండేది. వేరుశనగకు 2 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది.

లెక్క తర్వాత తెలిసింది. సముద్ర మట్టం మీద మంచినీళ్లు ఒక అడుగు ఎత్తున నిలిస్తే, ఆ మట్టం కింద సుమారు 40 అడుగుల మంచినీళ్లు ఉంటాయట. అంటే పైన ఒక అడుగు తోడి పారేస్తే కింద నుంచి ఉప్పునీటికి 40 అడుగుల దారి ఇచ్చినట్టే. నేను అమ్మింది నాలుగు ట్యాంకర్లు అనుకున్నాను. అమ్మింది మా అమ్మ దొరువుని.

అమ్మకం ఆపేశాను. ఈ వానలకు 1.6కు దిగింది. మళ్లీ కార్తీకం జనం అనేసరికి రిసార్టు వాళ్లు ఇంటికొచ్చారు, ఈసారి రేటు పెంచారు. మా అబ్బాయి "ఒక్క సీజనే కదా నాన్నా, అప్పు తీరిపోద్ది" అంటున్నాడు. వాడిది తప్పనలేను. అప్పు ఉన్న మాట నిజం. కానీ ఇవ్వనన్నాను. వాడు రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడట్లేదు.

మోటారు వద్దని నేననను. బాపట్లలో ఉప్పునీటి పరిశోధన చేసే శాస్త్రవేత్తలు దొరువునే బాగుచేసి చూపించారు. నీటిమట్టం కింద కొద్ది లోతులో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, నీళ్లన్నీ ఒక బావిలోకి చేరేలా చేస్తారు. నీళ్లు ఒకేచోట గుంట పడకుండా పైపైన వస్తాయి. డ్రిప్పుకో, తుంపర్లకో వాడుకోవచ్చు. ఈ రబీకి నేను అదే వేయిస్తున్నా.

తీరం పక్క భూములున్న అన్నలు ఒకటి గుర్తుపెట్టుకోండి. తీర నియమాల ప్రకారం పోటు గీతకు 200 మీటర్ల లోపు రిసార్టులు భూగర్భ జలం తోడకూడదు, 500 మీటర్ల దాకా భూగర్భ జల అధికారుల సమ్మతి ఉండాలి. అందుకే వాళ్లు మన గట్టు మీదికి వస్తారు.

బీచ్‌కి రండి, స్నానం చేయండి, మా ఇంట్లో టీ తాగి వెళ్లండి. గదిలో కుళాయి తిప్పేటప్పుడు మాత్రం అది ఎవరి దొరువులో నీళ్లో ఒక్కసారి తలచుకోండి.

మీ వైపు నీళ్లు ఎట్లా ఉన్నాయో రాయండి.