తాళంచెవి ఇంట్లో ఉంది

ఆమె పేరు ఇక్కడ రాయను. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చేసే మనిషి. యాభై దాటాయి. నా పరిశోధన కోసం ఆమెతో మూడు రోజులు కూర్చున్నాను. మొదటి రెండు రోజులూ అందరికీ చెప్పే మాటలే చెప్పింది. మూడో రోజు మధ్యాహ్నం చేట పక్కకి జరిపి, పెళ్లయిన కొత్తలో తనకి జరిగినవీ, ఆకు తక్కువ తూచి ఇచ్చి బీడీల లెక్క మాత్రం పూర్తిగా అడిగేవాడి సంగతీ, రెండూ ఒకే గొంతుతో చెప్పుకుపోయింది. ఆఖర్న రికార్డవుతున్న ఫోన్ వైపు చూసి, "గిది ఎవ్వలకు ఇనపడది గదా బిడ్డా?" అంది. "వినపడదమ్మా" అన్నాను.

రికార్డింగులన్నీ ఆఫీసు కంప్యూటర్లోనే ఉంచాలని మా ప్రాజెక్టు నిబంధన. దాన్ని నలుగురం వాడతాం. ఒకరోజు టీ దగ్గర ఒకాయన ఆమె అన్న మాటొకటి, ఆమె యాసలోనే, నలుగురినీ నవ్వించడానికి అన్నాడు. మీకెలా తెలుసని అడిగితే, "ఫోల్డర్ తెరిచే ఉంది కదా మేడమ్" అన్నాడు. నిజమే, తెరిచే ఉంది. ఆయన మీద వచ్చిన కోపం సాయంత్రానికి నా మీదకి తిరిగింది. స్త్రీల మౌనం గురించి సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. ఒక స్త్రీ నోరు విప్పి చెప్పినదాన్ని దాచడం మాత్రం నేర్చుకోలేదు.

మా పిన్ని కూతురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంది. ఫోన్ చేస్తే "జీపీజీ వాడు అక్కా" అంది. పూర్తి పేరు గ్నూ ప్రైవసీ గార్డ్. జర్మనీలో వెర్నర్ కోఖ్ 1997లో మొదలుపెట్టిన ప్రోగ్రాం. దాని కోడ్ ఎవరైనా తెచ్చుకుని చదువుకోవచ్చు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్, సినిమా దర్శకురాలు లారా పాయిట్రస్‌కి రహస్యంగా ఉత్తరాలు రాసింది ఈ తరహా తాళం వేసే. ఇందులో తాళంచెవులు రెండు. ఒకటి బహిరంగం, దానితో మూయడమే కుదురుతుంది. రెండోది రహస్యం, తెరిచేది అదొక్కటే. "మూసే చెవి ఆఫీసులో పెట్టు, తెరిచేది నీ ఇంట్లో లాప్‌టాప్‌లో ఉంచుకో. మూశాక అసలు ఫైలు తుడిచెయ్యి. ఆ తర్వాత ఆఫీసు కంప్యూటర్లో నువ్వే తెరవలేవు" అంది. ఎందుకో ఈ మాట నాకు చాలా నచ్చింది.

చిక్కు అక్కడే వచ్చింది. ఇంట్లో నేను చేసుకున్నది కొత్త తరహా తాళంచెవి. ఆఫీసులో ఉన్న పాత 2.0 రకం జీపీజీ దాన్ని గుర్తుపట్టలేదు. కొత్తది వెయ్యమని కంప్యూటర్లు చూసే ఆయన్ని అడిగాను. "టైపింగ్‌కి సరిపోతుంది కదా మేడమ్, మీకెందుకివన్నీ" అన్నాడు. రూట్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది. అది లేకుండా కొత్త ప్రోగ్రాం వెయ్యడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే మిగిలింది. సోర్స్ తెచ్చుకుని, నా పేరు మీద ఉన్న డైరెక్టరీలో నేనే కంపైల్ చేసుకోవడం.

నాలుగు సాయంత్రాలు పట్టింది. మొదట కాన్ఫిగర్ అనే స్క్రిప్టు నడపాలి. అది యంత్రంలో ఏమున్నాయో, ఏం లేవో వెతుకుతుంది. ఎక్కడ పెట్టాలో ప్రిఫిక్స్ అని చెప్పాలి, లేకపోతే నాకు అనుమతి లేని చోట పెట్టబోయి ఆగిపోతుంది. తర్వాత మేక్, మేక్ చెక్, మేక్ ఇన్‌స్టాల్. వినడానికి సుళువే. మొదటి సాయంత్రం తెర మీద 'లిబ్‌జిపిజి ఎర్రర్' అని కనిపిస్తే ఏదో తప్పు చేశాననుకుని గంటసేపు ఆ తప్పు కోసం వెతికాను. తీరా చూస్తే ఆ లైబ్రరీ పేరే అది! అన్నిటికన్నా ముందు వెయ్యాల్సినది అదే. దాని మీద ఆధారపడి లిబ్‌జీక్రిప్ట్, లిబ్‌అసువాన్, లిబ్‌కెఎస్‌బిఎ, పక్కన ఎన్‌పిటిహెచ్, ఇవన్నీ అయ్యాకే జీపీజీ. పెళ్లి వంటలా దేని తర్వాత ఏది ఎక్కించాలో తెలియకపోతే పొయ్యి దగ్గర నిలబడడమే మిగులుతుంది. అన్నీ అయ్యాక కూడా, నేను పెట్టిన లైబ్రరీలు నా ప్రోగ్రాంకే కనపడలేదు. వాటి దారి విడిగా చెప్పాలట. తెర మీద అక్షరాలు పరుగెడుతుంటే, మనిషి రాసినదాన్ని యంత్రానికి అందించే ఈ కంపైలర్ పనికి 1952లో తొలి రూపం ఇచ్చింది గ్రేస్ హాపర్ అన్న సంగతి గుర్తొచ్చి, మీకెందుకివన్నీ అన్నాయనకి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

సోర్స్ నుంచి కట్టుకుంటే నమ్మకం అనుకున్నాను. సోర్స్ అని నా చేతికొచ్చినది అసలు సోర్సేనా? ఇది నాకు కొత్త ప్రశ్న కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అచ్చులో ఉండగానే, బెంగళూరు నాగరత్నమ్మ దాని రాతప్రతి సంపాదించి పోల్చి చూసింది. కవయిత్రి తన గురించి తాను చెప్పుకున్న పీఠికే అచ్చుప్రతిలో లేదు. కొన్ని పద్యాలూ లేవు. 1910లో ఆవిడ పూర్తి కావ్యాన్ని ప్రచురించింది. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. అచ్చుప్రతి చదివినవాళ్లకి తమ చేతిలో ఉన్నది కోత పడిన పుస్తకమని తెలిసే దారి లేదు.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం దీనికి తిరగేసిన కథ. అది ఫైళ్లని కుదించే చిన్న ప్రోగ్రాం, లినక్స్ యంత్రాల్లో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, దొంగదారి పెట్టారు. ఆ దొంగదారిని మేల్కొలిపే స్క్రిప్టు, అందరూ చదవగలిగే కోడ్ భాండాగారంలో లేదు. విడుదల కోసం మూటగట్టిన ప్రతిలోనే ఉంది. అంటే నాలాగా కాన్ఫిగర్, మేక్ అని కొట్టేవాళ్లు వాడే ప్రతిలో. అక్కడ కోసేశారు, ఇక్కడ చేర్చారు. పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన యంత్రంలోకి లాగిన్ అవడానికి సుమారు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆరా తీశాడు. పాఠపరిష్కర్తకి ఉండాల్సిన చాదస్తం ఇదే అనుకున్నాను.

నేను తెచ్చుకున్న మూట సంతకాన్ని ఇంట్లో జీపీజీతో సరిచూశాను. ఆ జీపీజీని నమ్మడానికి ఆధారం? అది ఎవరో కంపైల్ చేసి ఇచ్చినది. మా చెల్లెలితో అంటే నవ్వింది. "1984లోనే కెన్ థాంప్సన్ చెప్పాడక్కా, కంపైలర్‌లోనే దొంగ కూర్చుంటే సోర్స్ ఎంత చదివినా దొరకడని. ఎక్కడో ఒకచోట ఆగాలి" అంది. ఇంకో మాట కూడా అంది: గొళ్లెం నీదే గానీ గోడలు ఆఫీసువి, రూట్ ఉన్నవాడు తలుచుకుంటే తాళం పడకముందే చూడగలడు. అందుకని ఇప్పుడు రికార్డింగుని ఇంట్లోనే మూసి ఆఫీసుకి తీసుకెళ్తున్నాను. అక్కడ కష్టపడి కట్టుకున్నది ఇక నోట్సు మూయడానికే. నాలుగు సాయంత్రాలు వృథా అనిపించలేదు గానీ, ఉక్రోషం వచ్చింది.

అసలు బాధ వేరే ఉంది. మరుగున పడ్డ స్త్రీల గొంతుల్ని వెలికి తియ్యడమే కదా మన పని. నేను కూర్చుని ఒక గొంతుని ఎవరికీ వినపడకుండా చేస్తున్నాను. పాస్‌ఫ్రేజ్ మర్చిపోయినా, రేపు నాకేమన్నా అయినా, ఆ మూడో రోజు మధ్యాహ్నం లేనట్టే. చెదపురుగైనా అక్కడక్కడా నాలుగు అక్షరాలు వదులుతుంది. ఇది అదీ వదలదు.

మళ్లీ వెళ్లాను. టీ దగ్గర జరిగినది దాచకుండా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, ఆకు కత్తిరిస్తూనే ఉంది. తాళం సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. మర్చిపోతే నేను కూడా తియ్యలేనని చెప్పాను.

"పెండ్లి ముచ్చటకు తాళమెయ్యి. నా పేరు తియ్యి" అంది. తర్వాత కత్తెర కింద పెట్టి, "ఆకు ముచ్చటకు ఎందుకేస్తవ్? అది అందరికి తెల్వాలె" అంది.

హైదరాబాద్ వచ్చాక ఆ రికార్డింగుని విడదియ్యడానికి కూర్చున్నాను. రెండూ ఒకే గొంతుతో చెప్పుకుపోయింది కదా, ఒక్కోచోట ఒకే వాక్యంలో మొగుడూ ఉన్నాడు, ఆకు తూచేవాడూ ఉన్నాడు. అలాంటి వాక్యాలు పదకొండు తేలాయి. వాటి జాబితా రాసి పెట్టుకున్నాను, వచ్చే నెల ఆమెకి చదివి వినిపించాలి.