ముందు ఆమెను అడగండి

హైదరాబాద్‌లో లక్డీకాపూల్ దాటి రెడ్ హిల్స్ వైపు తిరిగితే ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన వస్తుంది. 1955లో మొదలైన ఈ ప్రభుత్వ ఆసుపత్రికి, హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి తర్వాత గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన భార్యల వెంట ఇక్కడికొచ్చే భర్తలు వైద్యం ఎంచుకునే వేళ ఏం చేస్తారో చూద్దామని వెళ్లాను.

పొద్దున్నే ఓపీ కిక్కిరిసిపోయింది. ఫైళ్లు, స్కాన్ కవర్లు, టిఫిన్ డబ్బాలు పట్టుకున్న జంటలు బెంచీల మీద కూర్చున్నాయి. వాళ్లలో నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు దంపతులు తమతో పాటు డాక్టర్ గదిలోకి నన్ను రానివ్వడానికి ఒప్పుకున్నారు. ఆమెకు నలభై ఆరేళ్లు. గడ్డ రెండున్నర సెంటీమీటర్లు, ఒకచోటే ఉంది.

డాక్టర్ రెండు దారులు చెప్పాడు. రొమ్ము మొత్తం తీసేయడం ఒకటి. గడ్డను, చుట్టూ కొంత కణజాలాన్ని మాత్రమే తీసి, తర్వాత రేడియేషన్ ఇవ్వడం రెండోది. చెప్పడం పూర్తయిందో లేదో, భర్త అందుకున్నాడు: "తీసేయండి సార్. పిల్లలున్నరు. మాకు పానం ముఖ్యం."

ఆ మాటలో ప్రేమే ఉంది. కానీ ఆమె తల దించుకుని కొంగు అంచు మడతపెడుతోంది. డాక్టర్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "అమ్మా, నీకేమనిపిస్తుంది?"

కొంచెంసేపటికి ఆమె నోరు విప్పింది. "మొత్తం తీసేస్తే, గడ్డ ఒక్కటే తీస్తే, ఎక్కువ బతికేది దేంతోని సార్?"

అసలైన ప్రశ్న అదే. ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ అనే డాక్టర్లు రోగులను ఇరవయ్యేళ్లు గమనించి 2002లో ప్రచురించిన ఫలితాలు దానికి జవాబు చెప్పాయి. ఇలాంటి గడ్డలకు రెండు దారుల్లోనూ ఆయుష్షు ఒకటే. ఉంచిన రొమ్ములో క్యాన్సర్ మళ్లీ వచ్చే అవకాశం మాత్రం కొంత ఉంటుంది. రేడియేషన్ దాన్ని తగ్గిస్తుంది. డాక్టర్ ఇదంతా ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాడు.

"అట్లయితే ఉంచుకుంటనంటే తప్పా?" అని ఆమె భర్త వైపు చూసింది.

అప్పుడు బయటపడింది అతని భయం. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు. సిటీలో ఎక్కడుండాలి, ఇంట్లో బర్రెలను ఎవరు చూస్తారు? చికిత్స ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది కానీ, బస, తిండి, పోయే కూలి అతని లెక్కే. మన దగ్గర ఎందరో ఆడవాళ్లు రొమ్ము వదులుకునేది ఇలాంటి లెక్కల వల్లే. "ఆ సంగతి మేం చూసుకుంటం. నీ పానం, నీ ఒళ్లు. నువ్వే చెప్పు" అన్నాడతను చివరికి. ఆమె ముఖం తేటపడింది.

ఇంకో ప్రశ్న అడిగింది: "పత్తి ఏరనీకి చెయ్యి పనిచేస్తదా?" చంకలో గ్రంథులు తీస్తే చెయ్యి వాచే ముప్పుంది. అందుకే ముందు ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షిస్తామని, వ్యాయామం నేర్పిస్తామని చెప్పాడు డాక్టర్. పక్క గదిలో ఫిజియోథెరపిస్టు ఆపరేషనైన ఒక పెద్దమ్మ చేత గోడ మీద వేళ్లను పైకి పాకిస్తోంది. నిన్న ఎంతవరకు అందిందో పెన్సిలు గీత ఉంది. ఈరోజు దానికి వేలెడు పైన ఇంకో గీత పడింది. పెద్దమ్మ మొగుడు ఆ గీతను రెండుసార్లు వెళ్లి చూసొచ్చాడు.

ఆపరేషన్ తర్వాత కూడా వైద్యం సాగుతుంది. హార్మోన్ రిసెప్టర్లు ఉన్నాయని రిపోర్టు చెబితే మాత్రలు కనీసం ఐదేళ్లు వేసుకోవాలి. వాటితో కొందరికి ఒళ్లు వేడెక్కుతుంది, నిద్ర పట్టదు. మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు. భర్త సాయం అసలు కావలసింది అప్పుడే.

ఎంచుకోవడానికి వారం పది రోజులు ఆగితే నష్టం లేదు, నెలలు మాత్రం ఆగొద్దన్నాడు డాక్టర్. అందుకని అన్నలకు, తమ్ముళ్లకు నా విన్నపం ఒక్కటే. డాక్టర్ గదికి వెళ్లేముందు ఇద్దరూ కూర్చుని ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. లోపల ఆమె అడిగాకే మీరు అడగండి. జవాబులు రాసుకోండి. సంతకం పెట్టేముందు ఆమె మనసులో ఏముందో ఆమె నోటే వినండి. ఖర్చు, ప్రయాణం, బస మీరు మోయండి; ఒంటి మీద తీర్పు ఆమెకు వదిలేయండి.