కెమిస్ట్రీ గదుల్లో ఏం చేస్తారు?

తెలిసినవాళ్ల పిల్లాడు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాడంటే చాలు, పెద్దవాళ్లు "ఇంతకీ ఏం కనిపెడుతున్నావురా?" అంటారు కదండీ. వాడు "ఆర్గానిక్" అనో "ఫిజికల్" అనో ఒక్క మాటనేసి ఊరుకుంటాడు. ఆ మాటల వెనకున్న పని ఎంత బాగుంటుందో కాస్త చెప్పనివ్వండి.

పత్తిపువ్వు చూశారుగా? విచ్చిన రోజు లేత పసుపు, మర్నాటికి గులాబీ. ఆ పసుపులో ఏముందో తేల్చాలని పట్టుబట్టారు టి.ఆర్. శేషాద్రి గారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చి, 1930ల్లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ శాఖను నిలబెట్టిన మనిషి. ఆయనా, శిష్యులూ పూలని ఆల్కహాల్లో మరిగించి, ఆ కషాయంలోంచి రంగుల్ని ఒక్కొక్కటిగా విడదీశారు. దేశవాళీ పత్తిలో దొరికిన ఒకదానికి హెర్బాసెటిన్ అని పేరు పెట్టారు. అణువు లోపలి కట్టడాన్ని చూపించే ఎన్‌ఎంఆర్ యంత్రం అప్పటికింకా పుట్టలేదు. అణువును ముక్కలు చేయాలి, ఆ ముక్కలేమిటో గుర్తుపట్టాలి, తర్వాత అదే పదార్థాన్ని సొంతంగా తయారుచేసి, పువ్వులోదీ ఇదీ ఒకే వేడి దగ్గర కరుగుతున్నాయా అని చూసుకోవాలి. ఎంత ఓపికండీ! 1942లో, రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖ మీద బాంబులు పడ్డాక, యూనివర్సిటీ గుంటూరుకు తరలింది. అక్కడా ఈ పని సాగింది. వాల్తేరు అంటే నాకు సముద్రం కన్నా ముందు ఈ పూలే గుర్తొస్తాయి.

ఇక ఒక్క అణువు నుంచి అణువుల గుంపుకు వస్తే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతి చెప్పాలి. 1979 నుంచి గౌతమ్ దేశిరాజు గారు అక్కడ స్ఫటికాల మీద పనిచేశారు. అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయి, ఆ పట్టును మనం ముందే ఊహించి కోరిన స్ఫటికం కట్టగలమా అన్నది ఆయన ప్రశ్న. ఈ విద్యనే క్రిస్టల్ ఇంజనీరింగ్ అంటారు; దాని మీద 1989లో వచ్చిన ఆయన పుస్తకం ఆ రంగానికి పునాదుల్లో ఒకటి.

స్ఫటికం ఎలా ఉంటే మనకేమిటంటారా? రిటోనవిర్ అని ఎయిడ్స్ మందు ఉంది. 1998లో ఉన్నట్టుండి దాని అణువులు వేరే తీరులో పేర్చుకోవడం మొదలుపెట్టాయి. అణువు అదే, కానీ కొత్త స్ఫటికం సరిగ్గా కరగదు. చివరికి ఆ గుళికల్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి కొత్త మందు బయటికి రాకముందే దానికి ఎన్ని రకాల స్ఫటికాలున్నాయో వెతకడం ఫార్మా కంపెనీలకు పెద్ద పనైంది. ఆ విద్య తెలిసిన పిల్లలకు అందుకే అంత గిరాకీ.