సీసాల ఆల్చిప్ప, డబ్బాల ఎండు రొయ్య



మన గ్రూపులో ఎక్కువ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్ల ముచ్చట్లే నడుస్తయి. ఇయ్యాల నేను కూరగాయల ముచ్చట పెడుతున్న. కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదువుండ్రి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం. గోదావరిఖనిలో హాస్టల్‌ల ఉంట. మాది కాటారం అవతల నాయకపోడ్ గూడెం. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. అక్క, బావ ఇక్కడే కిరాయి ఇంట్ల ఉంటరు. బావ ఓపెన్‌కాస్టుల కాంట్రాక్టు పని చేస్తడు. ఆదివారం అక్కోళ్లింట్ల వంట నాదే.

హాస్టల్ పిల్లలకు కూరగాయలంటే ఎందుకు పడదో మనందరికీ తెలుసు. వంద మందికి పైన ఒక్క గంజుల క్యాబేజీ ఉడికితే అది నీళ్లు వదిలి మెత్తగైతది. వండే అమ్మలను అనేదేం లేదు, అంత కూరను వేయించుడు ఎవ్వరితోని కాదు. ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ డైట్ ఛార్జీ నెలకు 1,500 ఉండె, 2024ల 2,100 చేసిండ్రు. అంటే రోజుకు 70 రూపాయలు, పొద్దటి టిఫిన్ నుంచి రాత్రి బువ్వ దాకా. అందుకే సగం మంది కూర పక్కకు జరిపి తొక్కు, పెరుగుతోని తింటరు. చేతిల పైసలుంటే సాయంత్రం నూడుల్స్ బండి దగ్గర కనబడతరు.

ఆ బండి దగ్గరనే నేను వంట నేర్చుకున్న. పోయిన ఎండాకాలం సెలవుల్ల రెండు నెలలు ఒక ఫాస్ట్ ఫుడ్ బండి మీద ఉల్లిగడ్డలు, క్యాబేజీ కోసే పని చేసిన. వంటాయన ఒడిశా మనిషి, అంతకుముందు హైదరాబాద్‌ల హోటల్ పని చేసిండు. బండి మీద సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్ సీసాలు ఉంటయి కదా, అవి గిరాకీ కోసం. ఆయన తినేదానికి మాత్రం సంచిల వేరే సీసా ఉండేది, నల్లగ, బెల్లం పాకం లెక్క చిక్కగ. రాత్రి బండి కట్టేసే ముందు ఎల్లిగడ్డ దంచి, మిగిలిన క్యాబేజీ వేసి, ఆ సాస్ ఒక చెంచా కలిపి అన్నంల తినేది. నాకూ పెట్టేది. క్యాబేజీని అడిగి మళ్లీ పెట్టించుకున్నది నేను అప్పుడే.

అది ఆయిస్టర్ సాస్. ఆయిస్టర్ అంటే సముద్రపు ఆల్చిప్ప. దాని మాంసం ఉడకబెట్టిన రసాన్ని చిక్కబడేదాక మరిగిస్తే వచ్చేది అసలు సాస్. చైనాల గ్వాంగ్‌డాంగ్ దిక్కు లీ కుమ్ షెంగ్ అనే ఆయన 1888ల దీన్ని తయారు చేసిండని, పొయ్యి మీద మరిచిపోయిన ఆల్చిప్పల పులుసే ఇట్ల అయిందని చెప్తరు. ఆయన పెట్టిన లీ కుమ్ కీ కంపెనీ ఇప్పటికీ నడుస్తున్నది. మన ఎల్లందుల బొగ్గు తవ్వుడు మొదలైంది 1889ల. సింగరేణి బొగ్గుకూ ఈ సాసుకూ ఒక్క ఏడాదే తేడా.

ఇప్పుడు దొరికే సీసాల ఆల్చిప్ప రసంతోపాటు నీళ్లు, చక్కెర, ఉప్పు, మక్క పిండి, రంగు, గ్లూటమేట్ ఉంటయి. ఏది ఎక్కువుంటే అది లేబుల్ మీద ముందు రాస్తరు, చదివి కొనుండ్రి. నేను కొన్న చిన్న సీసా ఒక పూట కూలి లెక్క పడ్డది. కానీ వారానికి ఒకసారి వండితే నెలల తరబడి వస్తది. మూత తీసినాక ఫ్రిజ్‌ల పెట్టాలె. అందుకే హాస్టల్ రూమ్‌కు తెచ్చుకోవద్దు. నాది అక్కోళ్లింట్లనే ఉంటది.

చేసే పద్ధతి చెప్త. ముగ్గురికి పావు కిలో బీన్స్ గాని, క్యాబేజీ గాని, బెండకాయ గాని తీసుకోండ్రి. కడిగి బట్ట మీద ఆరబెట్టాలె. తడి ఉంటే కడాయి చల్లబడి కూర వేగదు, ఉడుకుతది. ముక్కలన్నీ ఒక్క తీరు కోయాలె. చిన్న గిన్నెల రెండు చిన్న చెంచాల సాస్, మూడు చెంచాల నీళ్లు, కొంచెం మిరియాల పొడి కలిపి పక్కకు పెట్టుకోవాలె. ఇనుప కడాయి బాగా కాగినాక రెండు చెంచాల నూనె, ఐదారు ఎల్లిపాయ రెబ్బలు దంచి వేయాలె. వాసన రాంగనే కూరగాయ వేసి, పెద్ద మంట మీద ఆపకుండ తిప్పాలె. బీన్స్‌కు ఐదారు నిమిషాలు, నడుమ రెండు చెంచాల నీళ్లు చల్లితే లోపల ఉడుకుతయి. క్యాబేజీకి మూడు నిమిషాలు చాలు. ఆఖరికి సాస్ నీళ్లు పోసి, ముక్కలకు పట్టంగనే దించాలె. సాసుల చక్కెర ఉంటది, ముందే పోస్తే మాడుతది. ఉప్పు రుచి చూసినాకనే వేయాలె, చాలాసార్లు అవసరమే పడదు. ఒక్కసారే ఎక్కువ కూర వేయకుండ రెండు వాయిలు చేయండ్రి. బావ టిఫిన్‌కు కట్టేదైతే ఒక నిమిషం ముందే దించుత, డబ్బాల వేడికి ఇంకింత మెత్తబడతది.

మన ఊళ్లల్ల కట్టెల పొయ్యి ఉన్నోళ్లు ఇంకా మంచిగ చేస్తరు. గ్యాస్ కంటే ఆ మంట కడాయిని బాగ కాగబెడతది.

ఇగ అసలు ముచ్చట. దసరాకు అమ్మ అక్కోళ్లింటికి వచ్చింది. బీన్స్ వండి పెట్టిన. ఒక ముద్ద తిని ఆగింది. "ఏందిరా, మన రొయ్యల పొడి వేసినవా?" అన్నది. లేదమ్మా అని సీసా చూపించిన. ఎంతకు కొన్నవని అడిగింది. చెప్పిన. "గీ రుచి మన అంగట్ల పది రూపాయలకు దొరుకుతది కొడుకా" అన్నది.

అమ్మ నాలుక చెప్పింది నిజమే. జపాన్‌ల కికునే ఇకెడా అనే ప్రొఫెసర్ 1908ల సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్ తీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టిండు. ఉప్పు, పులుపు, తీపి, చేదు కాకుండ అది ఇంకో రుచి. ఆల్చిప్పలల్ల ఉంటది, ఎండు రొయ్యలల్ల ఉంటది, ఎండు చేపలల్ల ఉంటది, పండిన టమాటల గూడ ఉంటది. సొరకాయల, గోరుచిక్కుడుల, చింతచిగురుల మన అమ్మలు గుప్పెడు ఎండు రొయ్యలు ఎందుకేస్తరో ఆయనకు ప్రయోగశాలల దొరికింది.

మరి ఆ రొయ్యల పొడి మా ఇంట్ల నుంచి నాకు రావుడు ఎప్పుడు బందయిందో చెప్పాలె. ఏడో తరగతిల నేను ఒక హాస్టల్‌ల ఉన్న. అమ్మ స్టీలు డబ్బాల రొయ్యల పొడి పంపింది. మూత తీయంగనే చుట్టూ ఉన్నోళ్లు ముక్కు మూసుకున్నరు. "అడివోళ్ల వాసన" అన్నడొకడు. డబ్బా రూమ్ బయట పెట్టమన్నరు. ఆ మాట ఎట్లనో అమ్మకు తెలిసింది. నన్ను ఏమీ అడగలేదు. మళ్లొచ్చినప్పుడు మామిడికాయ తొక్కు తెచ్చింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా తొక్కే.

ఇప్పుడు అదే తీరు రుచి సీసాల వచ్చి, మీద ఇంగ్లీషు అక్షరాలుంటే ఎవ్వరూ ముక్కు మూసుకోరు. అక్కోళ్లింటికి వచ్చిన నా దోస్తులు సీసాతోని ఫొటో దిగిండ్రు. ఆల్చిప్ప గూడ నీళ్లల్ల బతికే జీవే, రొయ్య గూడ అంతే. ఒకదానికి లేబుల్ ఉన్నది, ఇంకోదానికి మా అమ్మ చెయ్యి ఉన్నది. వాసన పేరు మీద మనల్ని పక్కకు పెట్టినోళ్లు ముక్కుతోని ఆ పని చేయలేదు. ఎవరి డబ్బానో చూసి చేసిండ్రు.

ఆ దసరా నాడే అమ్మ ఇంకో వాయి బీన్స్ చేసింది. ఎండు రొయ్యలు తలకాయలు తీసి, దోరగ వేయించి, దంచి, ఆఖరికి సాస్ బదులు ఆ పొడి ఒక చెంచా చల్లింది. కొంచెం బెల్లం, రెండు చెంచాల నీళ్లు. రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టినం. బావ ముందు అమ్మ గిన్నె ఖాళీ చేసిండు.

రెండు జాగ్రత్తలు. సాసుల ఉప్పు ఎక్కువ. బ్రాండును బట్టి ఒక పెద్ద చెంచాల ఒకటి నుంచి రెండు గ్రాములు, కొన్నిట్ల ఇంకింత ఎక్కువ గూడ ఉంటది. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మా నాయనకు బీపీ ఉంది, ఆయనకు సగం చెంచానే వేస్త. రెండోది, ఇది శాకాహారం కాదు. సీసా మీద చదరంల గోధుమ రంగు గుర్తు ఉంటది. మాల వేసుకున్న దోస్తులకు, చేపా మాంసం ముట్టనోళ్లకు చెప్పకుండ పెట్టొద్దు. పుట్టగొడుగులతో చేసిన రకం గూడ దొరుకుతది, దానికి ఆకుపచ్చ గుర్తు ఉంటది. రొయ్యలు, ఆల్చిప్పలు పడనోళ్లు రెండిటికీ దూరం ఉండాలె.

ఇప్పుడు మా పక్క రూమ్‌ల ఒక తమ్ముడు కొత్తగ చేరిండు, కోయ పిలగాడు. వాళ్లమ్మ ఎండు చేపలు కట్టి పంపితే పెట్టె అడుగున బట్టల కింద పెట్టుకున్నడు. మొన్న అడిగి బయటికి తీయించిన. వచ్చే ఆదివారం ఆ చేపలు, పావు కిలో గోరుచిక్కుడు తీసుకొని అక్కోళ్లింటికి పోతున్నం. ఖనిల ఉన్నోళ్లు ఎవరన్న రావచ్చు. ఇంటి నుంచి వచ్చిన డబ్బా ఏదున్నా పట్టుకొని రాండ్రి, మూత అందరి ముందే తీద్దాం.