టిక్కు టిక్కుమనే కారు

మా సోమలలో పాత కారు చప్పుడు చేస్తే ఎవరికీ పట్టదు. కొత్త కారు చప్పుడు చేస్తే మాత్రం ఊరంతా వైద్యులే! మా అబ్బాయి కొన్న టర్బో కారు నిలబడి ఉన్నా టిక్కు టిక్కుమంటుంది. "రాత్రిపూట పిల్లల్ని ఎక్కించుకొని పుంగనూరు పోతా ఉంటే దోవలో నిల్చిపోతే ఏం గతి?" అంది మా ఆవిడ. ఇంజెక్టర్లన్నీ మార్చాలన్నాడొక మెకానిక్కు.

అసలు సంగతి ఇది. మామూలు పెట్రోలు కారులో ఇంధనం వాల్వు వెనక 3, 4 బార్ల ఒత్తిడితో చిమ్ముతుంది. ఇందులోనో, నేరుగా సిలిండరులోకే, 200 బార్లూ అంతకు మించీ! కారు టైరులో గాలి 2 బార్లకు కాస్త ఎక్కువ, అంతే. ఆ ఒత్తిడి పుట్టించే పంపూ, సెకనుకు పలుమార్లు తెరుచుకొనే ఇంజెక్టర్లూ చేసే సవ్వడే ఈ టిక్కుటిక్కు.

భయపడవలసింది మారిన చప్పుడుకు: ఎత్తెక్కేటప్పుడు లోహం కొట్టుకున్నట్టు వినిపించినా, పెట్రోలు వాసన వచ్చినా, ఆయిలు దీపం ఎర్రగా వెలిగినా ఆలస్యం పనికిరాదు. పెట్రోలు తగలని లోపలి వాల్వులకు మసి పడుతుంది; కొన్నేళ్లకు తుడిపించాలి. గట్టిగా నడిపాక, టర్బో చల్లబడేందుకు ఒక నిమిషం ఆగి ఇంజను ఆపాలి.

ఇంజెక్టర్ల డబ్బు మిగిలింది. ఆయిలు మార్చే తేదీని మాత్రం మా ఆవిడ కాలెండరులో పాలవాడి లెక్క పక్కనే రాసి పెట్టింది.