సలేశ్వరయాత్రకు మూట కట్టుట

మన కావ్యములలో వేటకు బయలుదేరు ఘట్టము వచ్చినచో కవి తొందరపడడు. కుక్కలను, వలలను, ఈటెలను, డేగలను, దారి యెఱిగిన బోయలను ఒక్కొక్కరిగా మన కన్నులయెదుట నిలిపి గాని రాజును గుఱ్ఱ మెక్కింపడు. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదువుకొనునపుడు ఈ పట్టిక యంతయు నెందులకని విసుగుకొనెడిదానను. అడవికి పోవుటలో సగము పని యింటివాకిటనే జరుగునని నల్లమలలో నా కాలివ్రేలు చిట్లినతరువాత గాని నాకు తెలిసిరాలేదు.

ఆ వేటలు నేడు లేవు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని నిషేధించినది. నిజాము ప్రభువులు వేటకు వచ్చిన ఫరహాబాదు అడవి యిప్పుడు 2,600 చదరపు కిలోమీటర్లకు మించిన అమ్రాబాదు పులుల అభయారణ్యములో భాగము. అయినను ఏటి కొక్కమారు, చైత్రపూర్ణిమకు, కొలదిదినములు మాత్రము, సలేశ్వరలింగమును సేవించుటకు యాత్రికులను లోనికి విడుతురు. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బాటలో మన్ననూరు దాటి, ఫరహాబాదు ద్వారమున అడవిలోనికి మరలి, రాంపూరు చెంచుపెంటవఱకు బండిలో పోవచ్చును. అటుపైన ఐదారు కిలోమీటర్లు కాలినడక. కొండదారి నడచి లోతైన లోయలోనికి దిగవలెను. దిగినచోట, నిండువేసవిలోను, ఎత్తైన బండనుండి నీరు గుండములోనికి దుముకుచుండును. ప్రక్కన గుహలో స్వామి. పూజారులు చెంచులే.

మొదటిసారి మేము ఏడుగురము పోతిమి. ముందురాత్రి నేను కన్ను మూయలేదు. పులిహోర, దద్ధ్యోజనము, చక్కిలములు, ఊరగాయ, పిల్లలకు మార్చుబట్టలు, పూజాసామగ్రి, ఇత్తడిచెంబు, ఇట్లు అందఱికి కావలసినవెల్ల సర్దితిని. నాకు మాత్రము దినమును బజారునకు తొడుగు పాతచెప్పులు తగిలించుకొంటిని. నీళ్లసీసాలు ఆఱు. ఏడవది నాకు కావలెనని నాకే తోచలేదు.

“వస్తున్నాం లింగమయ్యా” అనుచు దిగువారును, “పోయొస్తాం లింగమయ్యా” అనుచు ఎక్కువారును ఒకే యిఱుకుబాటలో ఒరసికొనుచుండిరి. చేతిసంచి బరువునకు ఒరిగి కాలు జాఱితిని. చెప్పువారు తెగినది, బొటనవ్రేలు రాతికి తగిలి చిట్లినది. దద్ధ్యోజనము అప్పటికే ఎండకు పులిసి వాసనవేయుచుండెను. దాహముచే నాలుక పిడచకట్టినది. ప్రక్కన కూర్చున్న చెంచుస్త్రీ యొకతె లేచివచ్చి, చెట్టుపట్ట చీల్చి నార తీసి, చెప్పును నా పాదమునకు బిగించి కట్టినది. తన సీసాలోని నీళ్లు నాకిచ్చినది. ఆమెయొద్ద నున్నవి ఆ సీసాయు నొక చిన్నకొడవలియు మాత్రమే.

“అక్కా, గింత మూట మోసుకొచ్చినవు. నీ కాలికేం తెచ్చుకున్నవు?” అని యామె యడిగినది. నాకు జవాబు దొరకలేదు.

తిరుగుదారిలో ప్రవరుడు జ్ఞప్తికి వచ్చెను. సిద్ధు డిచ్చిన పాదలేపమును నమ్మి హిమాలయమునకు పోయిన ఆ గృహస్థు, అది మంచునకు కరగునా యని యడుగలేదు. లేపము కరగినది, ఇంటిదారి మూసికొనినది. మనుచరిత్రకథ యంతయు ఆ యడుగని ప్రశ్ననుండియే సాగినది గదా! నా పాతచెప్పులును అట్టి పాదలేపమే.

మఱుసటియేడు ప్రతివస్తువును చేతబట్టి, “ఇది నడిదారిలో చెడిపోయినచో నాగతి యేమి?” అని యడిగి మఱి మూట కట్టితిని. ముందుగా పట్టుగల అడుగుభాగమున్న బూట్లు కొని, నూలు మేజోళ్లతో పదునైదుదినములు ముందే ఊరిలో నడచి అలవాటు చేసికొంటిని. క్రొత్తబూట్లు యాత్రదినముననే తొడుగుట, పాతచెప్పులతో పోవుటకన్న మేలుగాదు. దళసరి నూలుచీర కాసెపోసి కట్టితిని. చేతిసంచి మాని వీపున తగిలించు సంచి తీసికొంటిని; దిగుడులో రెండుచేతులు ఖాళీగా నుండవలెను, ఒకచేత కఱ్ఱ యుండవలెను.

నీరు మనిషికి రెండుమూడు లీటర్లు, లోహపు సీసాలలో. లీటరు నీటికి ఆఱు సమతల టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపిన నీరు చెమటచే సొమ్మసిల్లిన వారికి మందువంటిది, కొలత తప్పరాదు. ఆహారమునకు పులిహోర, జొన్నరొట్టె, వేరుసెనగ బెల్లపుండలు చాలును, పెరుగన్నము వలదు. అగ్గిపెట్టె ఇంటనే యుండవలెను. ఎండిన ఆకులపై ఒక్క నిప్పురవ్వ పడిన అడవి తగులబడును. కొండబండలకు పెద్ద తేనెపట్టులుండును గనుక అత్తరులును వలదు. గాయమునకు శుభ్రమైన గుడ్డ, మందు ఉంచుకొనవలెను. పాము కఱచినచో కోయుట, త్రాడు బిగించుట పనికిరాదు. ఆ యవయవమును కదలనీయక వెంటనే వైద్యశాలకు చేర్పవలెను.

చివరకు బరువు పంచుట. ఎవరి నీరు వారే మోయవలెనని చెప్పగా మావారు క్షణము మాటాడలేదు. సంచి యెత్తుకొని, “బరువుగానే యున్నదే!” అనిరి. “నిరుడు ఇదియు నా చేతిలోనే యుండెను,” అంటిని. ఆయన పిల్లవాని సంచికూడ తీసికొనిరి.

చెంచులు కొండచఱియల తేనె తీయునపుడు తీగెలత్రాట వ్రేలాడుదురు. పైన ఆ త్రాటిని కాచువాడు భార్య తోబుట్టువు. తన యక్కచెల్లెండ్ర పసుపుకుంకుమలు అతనిచేతిలో నుండును గనుక వదలడని చెప్పుదురు. త్రాడెంత గట్టిదో చూచుటతో పాటు అది పట్టువా డెవడో చూచుటయు సన్నాహమే.

సోదరీమణులారా! 2023వ సంవత్సరపు జాతరలో ఆ యిఱుకుబాటను జనసమ్మర్దముచే ప్రాణనష్టము కలిగినది. కావున ఉదయము ద్వారము తెఱచినవెంటనే బయలుదేరుడు. ఎండ ముదురకముందే దిగుడు. ఇంటిల్లిపాదికి మూటలు కట్టుట మనకు వచ్చిన విద్యయే. కాని ఆ మూటలకంటె ముందు మీ బూట్లు, మీ నీళ్లసీసా గడపయొద్ద పెట్టుకొనుడు. రెండవసారి నేను గుండమున మునిగి, స్వామిని సేవించి, ఎవరి యాసరా లేక ఆ కొండ యెక్కి వచ్చితిని. మొదటిసారి కంట బడని మోదుగుపూలు దారిపొడవున రాలియుండుట అప్పుడు చూచితిని.